సూర్యకుమారి గారి ఖాకీ చుట్టాలు

సూర్యకుమారికి పోలీసులంటే భయం లేదు. దానికి కారణం ధైర్యం కాదు, ఆవిడ పుట్టిన చోటు. కాకినాడ పోలీసు క్వార్టర్సులో హెడ్ కానిస్టేబులు బసవయ్య కూతురుగా పుట్టి, పెళ్లయ్యేదాకా అక్కడే పెరిగింది. ఊళ్లో జనం ఏ ఖాకీని చూసి పక్కకి తప్పుకునేవారో, ఆ ఖాకీ తాడు మీద నీళ్లోడుతూ ఆరడం ఆవిడ రోజూ చూసేది. దాని తాలూకు మనిషి చిల్లుల బనీనుతో కుళాయి దగ్గర నిలబడి, బిందె నిండనందుకు పెళ్లాం చేత తిట్లు తినడమూ చూసేది.

"లుంగీలో చూసినవాణ్ణి టోపీలో చూస్తే నవ్వొస్తుంది గానీ భయమెందుకేస్తుంది?" అనేది.

పెళ్లయ్యాక భర్త సీతారామారావుతో సింగపూర్ వచ్చింది. ఆయన ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. ఆ రోజుల్లో ఈ ఊళ్లో తెలుగు వినాలంటే వాళ్లిద్దరూ పోట్లాడుకోవాల్సిందే. కూతురు నందిత బడికి వెళ్లడం మొదలుపెట్టాక సూర్యకుమారి ఆంగ్ మో కియోలో కంప్యూటర్ డిస్కులు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతిలో అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు. రిటైరయ్యేదాకా అదే పని. మధ్యలో సీతారామారావు జబ్బు చేసి పోయాడు. నందిత చదువు పూర్తిచేసి లండన్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్లింది. సూర్యకుమారి బెడోక్ ఫ్లాటులో ఒక్కతే ఉండిపోయిందని జాలిపడటానికి వచ్చినవాళ్లు, ఆవిడ ఇంట్లో లేకపోవడం చూసి వెనక్కి వెళ్లిపోయేవారు. తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో నలుగురిని పోగేసి కబుర్లు చెప్పే మనిషి ఇంట్లో ఎందుకుంటుంది?

అప్పటికి ఐటీ జనం విమానాల నిండా దిగుతున్నారు. మెడలో ఆఫీసు కార్డులు, వీపున ల్యాప్‌టాప్ సంచులు. తెలుగువాళ్ల ఉగాది సభలో వాళ్లు తమ సాఫ్ట్‌వేర్ల గొప్ప చెప్పుకుంటుంటే ఆవిడ పులిహోర ప్లేటుతో మధ్యలో దూరేది.

"మీరు రాసిందంతా దాచుకునే డబ్బాలకి మరలు బిగించింది నేనేనయ్యా. ఒక్క మర వదులుగా వదిలేసుంటే మీ బూమంతా గలగల్లాడిపోయేది!"

ఆ ఐటీ జనంలోనే మంజూర్ ఒకడు. హైదరాబాదు మలక్‌పేట మనిషి. సైన్స్ పార్కులో ప్రోగ్రామరు. భార్య మాజిదా, కూతురు జారాతో సూర్యకుమారి ఉండే బ్లాకులోనే ఒక అంతస్తు కింద ఉండేవాడు. చాలాకాలం కిందటే వచ్చాడు, సింగపూర్ పౌరసత్వం కూడా తీసుకున్నాడు. మాట మెత్తన. ఎంత మెత్తనంటే, లిఫ్టులో వాళ్ల అంతస్తు వచ్చినా ముందు నిలబడ్డవాళ్లని జరగమనలేక పైదాకా వెళ్లి మళ్లీ కిందికి వచ్చేవాడు. సూర్యకుమారికి కంప్యూటర్ నేర్పింది అతనే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుందని చూపించిన రోజు ఆవిడ తన పేరు కొట్టుకుని, ముద్రించిన పెళ్లిపత్రికని చూసుకున్నట్టు చూసుకుంది.

"ఇగ రాయుండ్రి ఆంటీ. మీరు ఎట్లాగూ చెప్తనే ఉంటరు గద. చేతికి చెప్పుండ్రి, అదే రాస్తది" అన్నాడు మంజూర్.

అలా మొదలైంది 'ఖాకీ చుట్టాలు'. లండన్లో స్థిరపడిన జనార్ధనరావు అనే పెద్దమనిషి నడిపే తెలుగు వెబ్‌సైటులో అదొక పేజీ. సూర్యకుమారి ఏ దేశం వెళ్లినా అక్కడి గుడులూ మ్యూజియాలూ వదిలేసి పోలీసుల్ని వెతుక్కుని ఫోటో తీసేది. కింద నాలుగు ముక్కలు రాసేది. బ్యాంకాక్‌లో చేతులు తిప్పుతూ ట్రాఫిక్ నడిపించే పోలీసు కింద, "ఈయన ఆపుతున్నాడో, పొమ్మంటున్నాడో బళ్లవాళ్లకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. కానీ చూడముచ్చటగా ఉంది" అని రాసింది. కౌలాలంపూర్‌లో దురియన్ పండు తింటున్న పోలీసమ్మ కింద, "ఈవిడ దగ్గరికి దొంగ రాడు. వాసనే తరిమేస్తుంది" అని. కాకినాడలో నిద్రపోతున్న హోంగార్డు కింద, "శాంతిభద్రతలు" అని ఒక్క మాటే రాసింది. పేజీ మొదట్లో మాత్రం వాళ్ల నాన్న బసవయ్య ఫోటో. ఎర్ర టోపీ, మెలితిప్పిన మీసం, కెమెరాని అరెస్టు చేయబోతున్నట్టు చూపు.

జనం బాగానే చదివారు. ఆఫీసుల్లో పని చేస్తున్నట్టు కనబడుతూ చదివారు.

నందిత దగ్గర ఉండటానికి లండన్ వెళ్లినప్పుడు కూతురి ఇంటి దగ్గరి రైలు స్టేషను గుమ్మంలో ఒక కుర్ర కానిస్టేబులు ఆవిడకి దొరికాడు. తాటిచెట్టంత పొడుగు, చెంపల నిండా మొటిమలు. ఫోటో తీసుకోనా అని అడిగితే, సిగ్గుపడి టోపీ సర్దుకుని నిలబడ్డాడు. సూర్యకుమారి మనసు కరిగిపోయింది. ఆవిడ రాసింది ఇది:

"పాపం, పిల్లాడు పొద్దున్నించీ నిలబడే ఉంటాడు. సాయంత్రం నాలుగింటికి ఎదురు కొట్లో చేపలూ బంగాళాదుంప ముక్కలూ తినడానికి వెళతాడు. ఆ సేపు గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. తిననీండి, ఎదిగే వయసు."

ఇది జరిగిన మరుసటి ఏడాది, రెండువేల తొమ్మిది ఫిబ్రవరిలో, బ్రిటన్లో కొత్త ఉగ్రవాద చట్టం ఒకటి అమల్లోకి వచ్చింది. పోలీసుల గురించీ సైనికుల గురించీ ఉగ్రవాదికి పనికొచ్చే సమాచారం సేకరించినా ప్రచురించినా నేరం. పదేళ్ల దాకా జైలు వేయొచ్చు. ఏది పనికొస్తుందో, ఏది రాదో ఎవరు తేలుస్తారన్నది మాత్రం చదివినవాళ్లకెవరికీ అంతుపట్టలేదు. పోలీసుని ఫోటో తీస్తే చాలు, ఇక అంతే సంగతులని లండన్ ఫోటోగ్రాఫర్లు కెమెరాలు పట్టుకుని పోలీసు పెద్దాఫీసు ముందు చేరి గోల చేశారు.

జనార్ధనరావు గోల చేయలేదు. సూర్యకుమారి పేజీ పీకేసి, తర్వాత ఫోన్ చేశాడు.

"ఏమనుకోకండి సూర్యకుమారి గారూ. మా సైటు లండన్లో ఉంది, నేనూ లండన్లోనే ఉన్నాను. మీరేమో కానిస్టేబులు ఎన్నింటికి తింటాడో, ఎప్పుడు గుమ్మం ఖాళీగా ఉంటుందో వివరంగా రాసిపెట్టారు. టెర్రరిస్టులు చదివితే?"

"టెర్రరిస్టు తెలుగు చదువుతాడా జనార్ధనరావు గారూ? మన పిల్లలే చదవట్లేదు కదండీ! అంత కష్టపడి నేర్చుకునేవాడుంటే చెప్పండి, శాలువా కప్పుదాం."

"హాస్యం కాదమ్మా. పదేళ్లు!"

"సరే, ఆ అబ్బాయి బొమ్మ తీసేశారు. మా నాన్నదెందుకు తీశారు?"

జనార్ధనరావు గొంతు సవరించుకున్నాడు. "ఆయనా పోలీసే కదా. ఎందుకొచ్చిన గొడవ, ఒక్కసారే అన్నీ తీసేశాను."

"ఆయన పోయి ఇరవై ఏళ్లయింది! ఆయన్ని ఎవడేం చేస్తాడు?"

 వంట మాడుతోందని జనార్ధనరావు ఫోన్ పెట్టేశాడు. ఆయనకి వంట రాదు.

సూర్యకుమారి తిన్నగా కిందికి దిగి మంజూర్ తలుపు కొట్టింది. ఫోటోలన్నీ తన కంప్యూటర్లో ఉన్నాయి, రాసినవీ ఉన్నాయి, వేరే దేశంలో వేరే సైటు పెట్టివ్వమంది. అతనికి అది అరగంట పని. కానీ మంజూర్ అప్పు అడిగినట్టు ముఖం పెట్టాడు.

"ఆంటీ, నాతోటి కాదు. వేరే ఎవరినన్న అడుగుండ్రి."

"ఎందుకు కాదు? ఆఫీసు పని ఎక్కువుందా?"

"అట్ల కాదు ఆంటీ... ఈ పోలీసు ముచ్చట నాకు నక్కో, వద్దు."

సూర్యకుమారి అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆదివారం పొద్దున హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పడేసి బల్ల ఆక్రమించింది. మంజూర్నీ మాజిదానీ కూర్చోబెట్టి, నురగ టీ తెచ్చి ముందు పెట్టింది. జారా పక్క బల్ల దగ్గర స్నేహితురాలితో ఉంది. మంజూర్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. మాజిదా భర్తకేసి చూసి, "చెప్పుండ్రి జీ. ఆంటీ పరాయామె గాదు" అంది.

అప్పుడు చెప్పాడు. కిందటేడు ఆఫీసు పని మీద అతనూ లండన్ వెళ్లాడు. మంజూర్‌కి పాత రైలు స్టేషన్లంటే పిచ్చి. వాటి కమానులూ గడియారాలూ ఫోటోలు తీస్తుంటాడు. ఒక స్టేషను బయట కమాను ఫోటో తీస్తుంటే దాని కింద గుర్రం మీద పోలీసు ఉన్నాడు. గుర్రం బాగుందని అదీ తీశాడు. ఇంతలో ఇద్దరు పోలీసులు వచ్చి పక్కకి రమ్మన్నారు.

"కొట్టలే ఆంటీ. తిట్టలే. సర్, సర్ అనుకుంటనే అడిగిండ్రు. సింగపూర్ పాస్‌పోర్టు చూపిస్తే చాలనుకున్న. దాన్ని చూసిండ్రు, నన్ను చూసిండ్రు, మల్ల పేరడిగిండ్రు. మంజూర్ అన్న. ఇంకోసారి అడిగిండ్రు. మల్ల ఇంకోసారి. మూడుసార్లు చెప్తే నా పేరు నాకే ఏందో తప్పు పేరులెక్క అనిపించింది."

"తర్వాత?"

"గోడకు నిలబెట్టి సంచి అంతా ఇప్పిండ్రు. ఆఫీసులకు పోయెటోళ్లు నన్ను చూసుకుంట పోతున్నరు. ఒకామె పిల్లను ఇటుదిక్కు నుంచి అటుదిక్కు పెట్టుకుని పోయింది. ఫోటోలు డిలీట్ చెయ్యమన్నరు. చేసిన. థాంక్యూ సర్ అన్నరు. నేనుగూడ థాంక్యూ అన్న ఆంటీ. ఎందుకన్ననో ఇప్పటికీ తెల్వదు."

అప్పటికి ఈ కొత్త చట్టం ఇంకా రాలేదు. పాత చట్టాలతోనే ఆ పని నడిచిపోయింది. సింగపూర్ వచ్చాక మంజూర్ కెమెరాని బట్టల బీరువా మీదకి ఎక్కించేశాడు. జారా పుట్టినరోజుకి కూడా దించలేదు.

"మీరు పోలీసోళ్ల మీద జోకులు ఏస్తే అందరు నవ్వుతరు ఆంటీ. నేను ఏస్తే నవ్వరు" అన్నాడు మంజూర్.

సూర్యకుమారి తన టీ గ్లాసు పక్కకి నెట్టేసింది. బెడోక్‌లో ఆవిడని ఎరిగినవాళ్లెవరూ ఆవిడ టీ వదిలేయడం అంతకుముందు చూసి ఉండరు. టీ చల్లారి పైన తొరక కట్టింది. ఇన్నాళ్లూ పోలీసులంటే భయం లేకపోవడం తన గొప్ప అనుకుంది ఆవిడ. మంజూర్ ఏ క్వార్టర్సులో పుట్టినా ఆ స్టేషను ముందు అతని పేరు మూడుసార్లు అడిగేవాళ్లేనని ఆవిడకి అప్పుడు తట్టింది. ఆ తట్టడం ఆవిడకి నచ్చలేదు. నచ్చని విషయాన్ని లోపల పెట్టుకోవడం ఆవిడకి చేతకాదు.

"ధర్నా చేస్తాను" అంది.

మంజూర్ కంగారుగా చుట్టూ చూశాడు. "ఎక్కడ ఆంటీ?"

"హాంగ్ లిమ్ పార్కులో. అక్కడ మాట్లాడొచ్చట కదా!"

సింగపూర్లో బయట నిలబడి నిరసన తెలపడానికి అనుమతి అడక్కుండా దొరికే చోటు అదొక్కటే. పార్కు వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి, సూర్యకుమారిలా పౌరసత్వం తీసుకున్నవాళ్లై ఉండాలి, కొన్ని నియమాలు పాటించాలి. ఆ వారమంతా నందిత లండన్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

"అమ్మా, వై లైక్ దట్? బ్రిటన్ చట్టానికి సింగపూర్లో ధర్నా ఏంటమ్మా? హూ విల్ లిసన్? సో పైసే లా!"

పైసే అంటే ఈ ఊళ్లో సిగ్గుచేటని.

"వాళ్లు ఇంత దూరం ఓడలేసుకొచ్చి ఇక్కడ చట్టాలు చేయలేదుటే? అప్పుడు వాళ్లకి పైసే కాలేదే? వాళ్ల చట్టాన్ని నేను ఇక్కణ్ణించి నాలుగు మాటలంటే తప్పొచ్చిందా?"

పేరు నమోదు చేయడానికి మంజూర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, మీటలు ఆవిడ నొక్కాలి, తను పక్కన కూర్చుని ఏ మీటో చెప్తాడు. నియమాలు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు.

"ఆంటీ, మతం గురించి, జాతి గురించి మాట్లాడొద్దు."

"నాకవసరం లేదు. ఇంకా?"

"ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. ఈ నాలుగిట్లనే మాట్లాడాలె. తెలుగు లేదు."

సూర్యకుమారి కుర్చీలో వెనక్కి వాలింది. "ఈ ఊరు మొత్తంలో ఎవరికీ హాని చేయని భాష అదొక్కటే. ఎవడికీ అర్థం కాదు. దాన్నే వద్దన్నారా?"

ఆవిడకి తమిళం వచ్చు. కానీ అది చేపల బజారులో నేర్చిన తమిళం. బేరమాడటానికీ తిట్టడానికీ సరిపోతుంది, ఉపన్యాసానికి చాలదు. ఇంగ్లీషు ఫ్యాక్టరీలో నేర్చింది. సూపర్‌వైజరుతో పోట్లాడటానికి బ్రహ్మాండంగా పనికొచ్చేది. రెండూ కలిపి నడిపించేద్దామనుకుంది.

మార్చి నెలలో ఒక శనివారం సాయంత్రం. వాన వెలిసి గడ్డి చిత్తడిగా ఉంది. సూర్యకుమారి నీలం చీర కట్టుకుని, మడమల పైకి ఎత్తి పట్టుకుని పార్కు మధ్యకి నడిచింది. వెంట తెచ్చినవి ఫోటోషాపులో పెద్దవి చేయించిన పోలీసుల బొమ్మలు. ముఖం చూపిస్తే నేరమట కదా అని, ప్రతి పోలీసు ముఖం మీదా ఒక కాగితం పళ్లెం అంటించింది. బ్యాంకాక్ పళ్లెం చేతులు తిప్పుతోంది. కౌలాలంపూర్ పళ్లెం దురియన్ తింటోంది. లండన్ పళ్లెం తాటిచెట్టులా నిలబడి ఉంది. చివర ఒక పళ్లెం కింద మెలితిప్పిన మీసం కొసలు రెండూ అటూ ఇటూ బయటికి పొడుచుకొచ్చాయి.

ఉగాది సభల్లో పులిహోర తిన్న ఐటీ కుర్రాళ్లు కొందరు వచ్చారు. వచ్చి రోడ్డుకి అవతలే ఆగిపోయారు. వాళ్లలో ఒకడు ఫోన్లో, "ఆంటీ, ఇక్కడే స్థిరపడటానికి మా పీఆర్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉందండి, ఇక్కణ్ణించే సపోర్ట్ చేస్తాం" అన్నాడు.

"చేయండి నాయనా. చప్పట్లు కొట్టేటప్పుడు బస్సు వస్తే చూసుకోండి" అందావిడ.

పార్కులో ఉన్నది బల్ల మీద కునుకు తీస్తున్న ఒక తమిళ పెద్దాయనా, సంచుల్తో నిలబడ్డ ఇద్దరు చైనా ముసలమ్మలూ, ఎవరో దారినపోయేవాళ్లూ. పక్కనే ఉన్న పోలీసు పోస్టులోంచి ఒక కుర్ర పోలీసు వచ్చి దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంజూర్ కనబడలేదు. రాడని ఆవిడకి తెలుసు. రమ్మని అడగలేదు కూడా.

తమిళ పెద్దాయన కళ్లు తెరిచి పళ్లేలకేసి చూశాడు. "ఎన్నమ్మా? సాప్పాటు కడై ఆ?" అన్నాడు, భోజనాల కొట్టు పెట్టావా అని.

సూర్యకుమారి అందుకుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, తట్టనప్పుడు తమిళంలోకి దూకుతూ, చట్టం సంగతి చెప్పింది. ఫోటో తీస్తే నేరం. తిండి వేళ రాస్తే నేరం. చనిపోయిన నాన్న కూడా నేరం. "దిస్ లా, కెనాట్ లా!" అనేసరికి చైనా ముసలమ్మలు సంచులు కింద పెట్టి నవ్వారు. అసలు చట్టాన్నీ ఈ ఊళ్లో ప్రతి మాట చివరా తగిలించే 'లా'నీ కలిపి ఏదో పెద్ద జోకు వేసిందని వాళ్లు అనుకున్నారు. ఆవిడకి ఆ సంగతి ఇంటికెళ్లాక గానీ తెలియలేదు.

ఆవిడ కుర్ర పోలీసు వైపు తిరిగింది. ఇంగ్లీషులోనే, "నువ్వు టీకి ఎన్నింటికి వెళతావు బాబూ?" అని అడిగింది.

అతను నవ్వు ఆపుకుంటూ, "కెనాట్ సే, ఆంటీ" అన్నాడు.

జనం ఘొల్లుమన్నారు. రోడ్డుకి అవతల చప్పట్లు మోగాయి.

అంతవరకూ బాగానే నడిచింది. ఆ తర్వాత మంజూర్ కథ చెప్పబోయింది, పేరు ఎత్తకుండా, మా ఊరబ్బాయి ఒకడని. గోడకి నిలబెట్టారన్న దగ్గరికి వచ్చేసరికి కోపం ముంచుకొచ్చింది. కోపంతో పాటు ఇంగ్లీషు వెళ్లిపోయింది. తమిళమూ వెళ్లిపోయింది. కాకినాడ క్వార్టర్సు కుళాయి దగ్గరి తెలుగు ఒక్కటే మిగిలింది.

"వాడేం చేశాడని? గుర్రం బాగుందనుకున్నాడు! అది తప్పా? చీమకి కూడా దారిచ్చి పక్కకి తప్పుకునే పిల్లాణ్ణి పట్టుకుని..."

కుర్ర పోలీసు ఇబ్బందిగా రెండడుగులు ముందుకి వచ్చాడు. "ఆంటీ, సారీ ఆ. ఇంగ్లీష్ ఆర్ తమిళ్, కెన్?"

సూర్యకుమారి నోరు తెరిచింది. తెలుగు తప్ప ఏమీ రావట్లేదు. పార్కంతా ఆవిడకేసి చూస్తోంది. పెద్దాయన "సొల్లుమ్మా, సొల్లు" అని చెప్పమని తొందరపెడుతున్నాడు.

"ఐ విల్ సే" అని వెనకనుంచి వినబడింది.

మంజూర్. చెట్టు చాటున ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, మాజిదా చేతిలో గొడుగు, పక్కన జారా. తడి గడ్డిలో షూస్ చప్పుడు చేసుకుంటూ వచ్చి సూర్యకుమారి పక్కన నిలబడ్డాడు. తనూ పౌరుణ్ణేనని పోలీసుకి కార్డు చూపించాడు. ముందు మెల్లగా, ఆవిడ తెలుగులో అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఒక మనిషి, ఒక స్టేషను, ఒక గుర్రం. "అతన్ని గోడకి నిలబెట్టారు. అతని పేరు అడిగారు" అన్నాడు. జారా వైపు చూశాడు. "నా పేరు అడిగారు. మూడుసార్లు. నా పేరు మంజూర్. మూడుసార్లు ఎందుకు అడిగారో చెప్పాలని ఉంది. కానీ ఈ పార్కులో ఆ విషయం మాట్లాడటానికి రూల్స్ ఒప్పుకోవు."

ఎవరో ఒకరు నవ్వారు. మరొకరు నవ్వబోయి ఆగిపోయారు. కుర్ర పోలీసు తన బూట్లకేసి చూసుకున్నాడు.

"అందుకని గుర్రం గురించే చెప్తాను. గుర్రం చాలా బాగుంది" అన్నాడు మంజూర్, గొంతు పెంచకుండానే.

ఈసారి అందరూ నవ్వారు. తమిళ పెద్దాయన బల్ల మీద నుంచి లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. సూర్యకుమారి చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఒక్కొక్క బొమ్మ మీది పళ్లేన్ని పీకడం మొదలుపెట్టింది. బ్యాంకాక్ ముఖం బయటపడింది, దురియన్ పోలీసమ్మ ముఖం బయటపడింది. బసవయ్య దగ్గర జిగురు ఎక్కువైంది. పళ్లెంతో పాటు నాన్న ముక్కు ఊడొచ్చింది.

"ఏం పర్లేదు. మీసం ఉంది" అందావిడ.

జారా అమ్మ చేతి కింద నుంచి వంగి చూసి, "ఆంటీ, యువర్ నాన్న సో ఫియర్స్ సియా" అంది, చూపు ఎంత కరుగ్గా ఉందోనని.

మాజిదా గొడుగు మూసి, భర్త దగ్గరికి వెళ్లి, "బస్, సాలు. ఇగ నడువుండ్రి. జారాకు ఆకలైతుంది" అంది. అతని మోచెయ్యి మాత్రం ఇంటికి చేరేదాకా వదల్లేదు.

బ్రిటన్ ప్రభుత్వం ఈ ధర్నా గురించి వినలేదు. చట్టం అలాగే ఉంది. జనార్ధనరావు పేజీ తిరిగి పెట్టలేదు. పెట్టకపోగా, ధర్నా వార్త ఎవరో చెబితే సూర్యకుమారి ఫోన్ కొన్నాళ్లు ఎత్తలేదు. రోడ్డుకి అవతల చప్పట్లు కొట్టిన కుర్రాళ్లలో కొందరికి పీఆర్ వచ్చింది, కొందరికి రాలేదు. చప్పట్లకీ దానికీ ఏ సంబంధమూ లేదని తెలిసినా, రానివాళ్లు ఆవిడ కనబడితే నీరసంగా నవ్వేవారు.

మంజూర్ వేరే దేశంలో కొత్త సైటు పెట్టిచ్చాడు. ఈసారి మీటలు కూడా అతనే నొక్కాడు. ఫోటోలన్నీ ఎక్కిస్తూ లండన్ కానిస్టేబులు దగ్గర ఆగారు. సూర్యకుమారి నందితకి ఫోన్ చేసి, వెళ్లి ఆ పిల్లాణ్ణే అడగమంది. నందిత సిగ్గుతో చచ్చిపోతూ స్టేషను దగ్గర అతన్ని పలకరించింది. అమ్మ రాసిందంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆ రాత్రి తల్లికి ఫోన్ చేసింది.

"ఫోటో ఓకే అట. వాళ్ల అమ్మకి కూడా చూపిస్తాడట. బట్ నాలుగింటి విషయం తీసేయమన్నాడు."

"చట్టానికి భయపడ్డాడా?"

"నో లా. గుమ్మం వదిలి తినడానికి వెళ్లకూడదట. ఆఫీసర్‌కి తెలిస్తే జాబ్ పోతుంది. ఇంకోటి, మొటిమలు కనబడకుండా చేయగలరా అని అడిగాడు."

సూర్యకుమారి పకపకా నవ్వింది. నాలుగింటి మాట కొట్టేసింది. "చట్టం చెప్పిందని కాదు సుమా, పిల్లాడు అడిగాడని" అని మంజూర్‌కి గట్టిగా చెప్పింది. ముందే ఎవరైనా వచ్చి ఇంత మర్యాదగా అడిగుంటే అప్పుడే తీసేసేదాన్నని కూడా అంది. మొటిమల పని మంజూర్ చూసుకున్నాడు. చెంపలు మరీ నున్నగా వచ్చి, కానిస్టేబులు సబ్బు ప్రకటనలో పిల్లాడిలా తయారయ్యాడు.

ఆ సెలవుల్లో మంజూర్ కుటుంబం కారులో మలేసియాలోని మలాకా వెళుతూ సూర్యకుమారిని కూడా ఎక్కించుకుంది. మాజిదా బయల్దేరేముందు బీరువా మీద నుంచి కెమెరా దింపి, దుమ్ము దులిపి, ఏమీ అనకుండా భర్త ఒళ్లో పెట్టింది. సరిహద్దు దాటిన కాసేపటికి వేగంగా పోతున్నారని ఒక ట్రాఫిక్ పోలీసు బండి ఆపించాడు. మంజూర్ చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. లైసెన్సు చూసి పోలీసు పేరు అడిగాడు. ఒక్కసారే అడిగి రాసుకున్నాడు.

సూర్యకుమారి వెనక తలుపు తీసుకుని దిగింది.

"ఆంటీ, ఒద్దు ఆంటీ!" అన్నాడు మంజూర్.

ఆవిడ వినలేదు. పోలీసుకి నమస్కారం పెట్టి, ఫోటో తీసుకుంటామని సైగ చేసి, మంజూర్‌ని దిగమంది. అతను దిగాడు. కెమెరా ఎత్తాడు.  పోలీసు టోపీ సర్దుకుని, పొట్ట లోపలికి పీల్చి, రోడ్డు వైపు గంభీరంగా చూశాడు. ఫోటో తీశాక వచ్చి తెరలో తనని తాను చూసుకున్నాడు. నచ్చలేదు. కళ్లు మూతపడ్డాయి, ఇంకోటి తీయమన్నాడు. మంజూర్ ఇంకోటి తీశాడు.

జరిమానా చీటీ మాత్రం మాఫీ చేయలేదు.